మోకాలికి సెంటరింగ్

ధనపాల్ మేస్త్రి మిద్దె వేసే రోజున మా గుడియాత్తం ఊరి కాకులు కూడా ఆ వీధి మీదుగా ఎగరవు. కంటపడితే వాటి ముక్కుకు కూడా ఒక బాండ్లి తగిలిస్తాడని వాటి భయం. ఈ మాట నేను బజారులో చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లు తక్కువ. కాకుల సంగతి ఎలా ఉన్నా, మనుషుల సంగతి మాత్రం నిజం. మిద్దె మొదలుపెట్టాక ఆపకూడదు. కాంక్రీటు పచ్చిగా ఉండగానే ఈ మూల నుంచి ఆ మూలకు పోసి మూసెయ్యాలి. నడుమ ఆగితే అక్కడ అతుకు పడుతుంది, అతుకు పడిన చోట వాన దిగుతుంది. అందుకని ఆ రోజు ధనపాల్ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, చుట్టాల ఇంట్లో పెళ్లి ఉన్నా, పనికి రావలసిందే.

కాంక్రీటు కలిపే చోటు నుంచి పైకప్పు దాకా మనుషులు వరుసగా నిలబడతారు. నిండు బాండ్లి చేతి నుంచి చేతికి ఎక్కుతూ పోతుంది. నేల మీది వాళ్లకూ, పైకి ఎక్కడానికి కట్టిన సారువ కొయ్యల మీది వాళ్లకూ నడుమ ఒక చోటు ఉంటుంది. అక్కడ నిలబడ్డ మనిషి నడుము వంచి కింది బాండ్లిని అందుకుని, అదే ఊపులో తిరిగి పైకి ఇవ్వాలి. ఒక్క క్షణం తడబడితే వరుసంతా నిలిచిపోతుంది. పెద్దవాళ్లే ఆ చోటుకు జంకుతారు. ధనపాల్ కూతురు సెల్లమ్మ పావడా ఎగదోపుకుని అక్కడ నిలబడే నాటికి ఇంకా హైస్కూలులో చేరలేదు.

నాకు బజారులో ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, బోల్టులు, కమ్మీలు కట్టే వైరు అన్నీ ధనపాల్ నా దగ్గరే కొనేవాడు. ఊరు తమిళనాడులో ఉన్నా, వాళ్లూ మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. కాకపోతే అతనికి తెలుగు చదవడం రాదు, తమిళం కూడబలుక్కుంటాడు. నాకు మాత్రం చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు ఇంగ్లీషు నేర్పారు, అబద్ధం ఆడకూడదని కూడా నేర్పారు. మొదటిది బాగా అబ్బింది.

సెల్లమ్మకు పదిహేనేళ్లప్పుడు ధనపాల్‌కు ఒక ఆడపిల్లల హైస్కూలులో కొత్త గదులు కట్టే పని దొరికింది. ఊళ్లో పెంకుటిళ్లు పోయి మిద్దెలు లేస్తున్న కాలం. చేతినిండా పని. సెలవు రోజున సెల్లమ్మ నెత్తిన ఇటుకలు పెట్టుకుని మైదానం అంచున నడుస్తుంటే, ఫుట్‌బాల్ ఆడుకుంటున్న పిల్లల బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. ఆమె ఇటుకలు దించలేదు, తల తిప్పలేదు. కాలితో బంతిని ఆపి, దూరంగా ఒంటరిగా నిలబడ్డ పిల్ల పాదాల ముందుకు పంపి, తన దారిన తాను పోయింది.

డ్రిల్లు మాస్టరు అప్పాసామి అది చూశాడు. ఆయన మెడలోని ఈలను పెళ్లిళ్లకు పోయినప్పుడు కూడా తీసేవాడు కాడు. పరుగున ధనపాల్ దగ్గరికి వచ్చాడు.

"ఎవురి బిడ్డ మేస్త్రీ అది?"

"నా బిడ్డే సార్. ఏం తప్పు చేసినాది?"

"తప్పేం లేదప్పా. చూడకుండానే ఆ పాపకి బంతి ఎట్ల ఇచ్చినాది?"

జవాబు సెల్లమ్మే చెప్పింది. "ముందే చూసినా సార్. ఆ పాప ఒక్కతే కాళీగా ఉండాది."

మర్నాటి నుంచే అప్పాసామి ఆమెను మైదానానికి పిలిపించాడు. తల్లి మునియమ్మకు ఇది నచ్చలేదు. "మోకాళ్లు కనబడే గుడ్డలు కట్టుకొని ఎగిరేది మన ఇంటా వంటా లేదు. రేపు ఆ మోకాళ్లే మనల్ని నవ్వులపాలు చేస్తాయి" అంది. ధనపాల్ మాత్రం, "వరసలో నిలబడే దానికేమి సిగ్గు మే, ఇదీ అట్లాంటిదే గదా" అన్నాడు. ఆటను అతను సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. సెల్లమ్మ ఆడే చోటు నడుమ. వెనుక వాళ్ల నుంచి అందుకుని ముందు వాళ్లకు అందించే చోటు.

రెండేళ్లలో ఆమె వేలూరు జట్టులో చేరింది. కే.వి.కుప్పం మీదుగా పోయే పొద్దుటి బస్సు ఎక్కి, కోట పక్క మైదానంలో ఆడి, సాయంత్రానికి తిరిగి వచ్చి తండ్రి పనిచోట మిద్దెలకు నీళ్లు పట్టేది. తొంభై ఆరులో, తోలు చెప్పులు పరదేశాలకు పంపే కంపెనీ ఒకటి మద్రాసులో ఆడపిల్లల జట్టు పెట్టింది. అప్పట్లో కొత్తగా డబ్బు చేసిన కంపెనీలకు తమ పేరు ఎక్కడైనా కనబడాలనే తహతహ ఉండేది, చివరికి ఆడపిల్లల చొక్కాల వీపుల మీదైనా సరే. సెల్లమ్మను తీసుకున్నారు. నెల జీతం, ఉండడానికి గది, రెండు జతల బూట్లు. ఒప్పందం ఒక్క ఏడాదికి. ఏడాది చివర మళ్లీ పేర్లు తేల్చుతారు.

ఆదివారం పొద్దున ధనపాల్ నా కొట్టుకు వచ్చేవాడు. ఇంగ్లీషు పేపరులో ఆటల పేజీ నేను చదవాలి.

"మా బిడ్డ పేరు ఉండాదా అయ్యా?"

ఉండేది కాదు. గోలు వేసినవాళ్ల పేర్లే ఉండేవి. ఒక్కోసారి అవి కూడా ఉండేవి కావు, ఫలితం ఒక్క వరుసలో వేసి వదిలేసేవారు. బిడ్డ పేరు కోసం కళ్లప్పగించి కూర్చున్న మనిషికి ఆ ఒక్క వరుస చదివి పంపడం మర్యాద అనిపించుకోదు. అందుకని కళ్లజోడు సర్దుకుని చదివేవాడిని. "గుడియాత్తం సెల్లమ్మ మైదానం నడుమ నుంచి కొట్టిన బంతి గోలుకీపరును ఎత్తుకుపోయి వలలో పడేసింది. వలలో చిక్కుకున్న కీపరును బయటికి తియ్యడానికి టైలరు దగ్గర కత్తెర తేవలసి వచ్చింది."

ధనపాల్ ఆ పేపరు అడిగి తీసుకుపోయి, పనివాళ్లందరికీ టీ ఇప్పించి, ఏ వరుసలో కత్తెర ఉందో వేలు పెట్టి చూపించేవాడట. ఆ వేలి కింద సాధారణంగా గుర్రప్పందేల వార్త ఉండేది.

ఏడాది సగంలో సెల్లమ్మ నాలుగు రోజుల సెలవు మీద వచ్చింది. నేరుగా నా కొట్టు మెట్లెక్కింది.

"తాతా, నేను గోలు ఏసినానని ఏమిటికి చెప్తా ఉండావు?"

"ఎయ్యలేదా?"

"లేదు. నేను ఏసేదాన్ని కాదు గదా. ఇచ్చేదాన్ని."

"ఇచ్చేవాళ్ల గురించి పేపరోడు రాయడమ్మా."

"రాయకపోతే పోనీ. నువ్వు మాత్రం ఇంకొకరి గోలు నాకు ఎయ్యాకు. అది మా జట్టు శాంతిప్రియ ఏసిన గోలు. నేను ఇచ్చింది చెప్పు, చాలు."

"అది ఎట్ల చెప్పాలో నాకు తెలీదే."

ఆమె బల్ల మీది డబ్బాలోంచి గుప్పెడు బోల్టులు తీసింది. పెద్దవి తన జట్టు, చిన్నవి ఎదుటి జట్టు, ఒక నట్టు బంతి. "ఇదో, ఇది నేను. ఈ ముగ్గురూ నా మీదికి వస్తా ఉండారు. నేను ఇట్ల ఎడమ పక్కకి చూస్తిని. వీళ్లు ఎడమకి తిరిగిరి. ఈడ కాళీ పడినాది. శాంతిప్రియ అప్పటికింకా ఆడికి రాలేదు. కానీ వస్తాదని తెలుసు." నట్టును వేలితో నెట్టింది. అది చిన్న బోల్టుల నడుమ నుంచి జారిపోయి, ఎవరూ లేని చోట ఆగింది. తర్వాత పెద్ద బోల్టు ఒకటి తీరికగా అక్కడికి చేరింది. "చూసినావా?"

అంతవరకు నేను బోల్టులను తూకానికి అమ్మాను గాని, వాటి నడుమ ఖాళీ కూడా చూడదగిందని ఎరగను. ఆ వారమంతా కొట్టుకు వచ్చినవాళ్లకు ఆ నట్టు కథే చెప్పాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ టీ ఇప్పించలేదు. పై ఆదివారం నుంచి మళ్లీ కత్తెర మొదలుపెట్టాను.

తొంభై ఏడు వానాకాలంలో, ఏడాది ముగియడానికి నెల ఉందనగా, మద్రాసులో బురద నేల మీద ఆడుతూ సెల్లమ్మ పక్కకు తిరిగింది. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాలి లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైందని తర్వాత చెప్పింది. కంపెనీవాళ్లు మూడు వారాలు ఇంటికి పొమ్మన్నారు. మూడు వారాల తర్వాత కొత్త ఏడాది పేర్లు తేల్చుతారు. అప్పటికి వచ్చి ఆడి చూపిస్తే ఉంటుంది, లేకపోతే లేదు. ఆమె చోటు కోసం ఇద్దరు పిల్లలు అప్పటికే గదిలోకి చేరి ఉన్నారు.

ధనపాల్, నేను కలిసి ఆమెను వేలూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. చిన్న వయసువాడు. ఎక్స్‌రే తీసి, "ఎముక విరగలేదు. కానీ మోకాలిని పట్టి ఉంచే నారలాంటిది లోపల తెగినట్టుంది. ఇందులో అది కనిపించదు. పెద్ద ఆసుపత్రిలో చూపించండి. తెగి ఉంటే ఆపరేషను కావాలి" అని తమిళంలో చెప్పాడు.

"ఎప్పటికి ఆడొచ్చు సార్?" అంది సెల్లమ్మ.

"ఏడాది పడుతుంది."

ఆమె గోడ పట్టుకుని లేచింది.

తిరుగు బస్సులో ధనపాల్ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పెట్టి, ఇంటి ప్లాను చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు. అతని ముఖం తేటపడింది.

"కమ్మీలన్నీ నేరుగా ఉండాయి అయ్యా. ఒక్కటి కూడా వంగలేదు. పైన కాంక్రీటు కదిలినాది, అంతే. పచ్చి మీద ఎవురో కాలు పెట్టినట్టు."

"మోకాలు మిద్దె కాదప్పా. రేపే పెద్ద ఆసుపత్రికి పోదాం."

"పోయినామంటే కోస్తారు. కోస్తే ఏడాది. ఈడ మూడు వారాలే ఉండేది. మిద్దెకి మనం పెట్టేది ఎన్ని వారాలు? మూడే గదా. కింద కొయ్యలతో సెంటరింగ్ కొట్టి కదలకుండా పెడితే అదే పట్టుకుంటాది."

"నా మాట విను ధనపాలూ. తెగిన నార అతుక్కోదు."

"నీ మాటా?" ధనపాల్ నవ్వాడు. "మోర్ధానాలో ఆనకట్ట పని నడిచేకాడ, ముసలి చేప ఒకటి కళ్లద్దాలు పెట్టుకొని సిమెంటు మూటలు చూసి పోయినాదని చెప్పినోడివి నువ్వే గదా అయ్యా."

సెల్లమ్మ కూడా నవ్వింది. వేలూరు వదిలాక అదే మొదటి నవ్వు. నాకు అక్కసు పుట్టింది. అంతకు ముందు నేను చెప్పినవన్నీ నోళ్లు తెరుచుకుని విన్నవాడు, ఈ ఒక్కటీ వినలేదు.

"నువ్వేమంటావమ్మా?" అని ఆమెనే అడిగాను.

ఆమె తండ్రి చేతిలోంచి ఎక్స్‌రే తీసుకుని కవరులో పెట్టింది. "ఏడాది పోతే నా చోటు ఉండదు తాతా. నాయన చెప్పినట్టే చేస్తా."

సాయంత్రం అప్పాసామి వచ్చి ఇంటి ముందు నిలబడి డాక్టరు మాటే మళ్లీ చెప్పాడు. ధనపాల్ ఆయనకు కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, మర్యాదగానే అన్నాడు. "ఆట మీరు నేర్పినారు సార్. కట్టేది మాకు తెలుసు."

కే.వి.కుప్పం దగ్గర పాపన్ అని, విరిగిన ఎముకలకు కట్లు కట్టే ముసలాయన ఉండేవాడు. సారువ మీది నుంచి పడ్డ పనివాళ్లందరూ ఆయన దగ్గరికే పోయేవారు. ధనపాల్ ఎడమ చెయ్యి నిలబెట్టింది కూడా ఆయనే. ఆయన సెల్లమ్మ మోకాలు తడిమి, "ఎముక విరగలేదేప్పా, నన్నేం కట్టమంటావు? వాపుకి పసరు ఏస్తా, నాలుగు దినాలు చూడు" అని ఒక గుడ్డ చుట్టి పంపించాడు.

ఆ గుడ్డ ధనపాల్‌కు ఆనలేదు. మర్నాడు పని మానుకుని ఇంటి వాకిట కూర్చున్నాడు. మంచి వెదురు చీల్చి, బద్దలను గాజుముక్కతో గీకి నున్నగా చేశాడు. గుచ్చుకోకుండా అంచులకు మునియమ్మ పాత చీర చుట్టాడు. తొడ నుంచి మడమ దాకా బద్దలు పేర్చి కట్టాడు. అతని చేతి సెంటరింగులు నేను చాలా చూశాను, ఇంత ఒద్దికగా కుదిరింది ఎక్కడా చూడలేదు.

"నొప్పిగా ఉండాదా బిడ్డా?"

"పరవాలేదు. ఇంకా బిగించు నాయనా."

అతను బిగించాడు. తర్వాత సంచిలోంచి రసమట్టం తీసి, కాలి మీద పెట్టి, నీటి బుడగ నడుమకు వచ్చేదాకా మడమ కింద గుడ్డలు సర్దాడు. మునియమ్మ చూసి, "దానికి ఇంక గోడలు కూడా లేపు" అని లోపలికి పోయి కళ్లు తుడుచుకుంది.

మిద్దెకు నీళ్లు పట్టినట్టే రోజూ పొద్దునా సాయంత్రమూ గుడ్డల మీద నూనె పోసేవాడు. కాలు కదిలిస్తే కేకలేసేవాడు. సెల్లమ్మ పడుకున్న చోటు నుంచే మంచి కాలితో బంతిని గోడకు కొట్టి, తిరిగి వస్తే ఆపేది. ఆదివారం నేను పేపరు తీసుకుపోయాను. ఆమె ముందు కత్తెర కథలు చదవడానికి నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను. జట్టు గెలిచింది.

"నడుమ ఎవురు ఆడినారంట?"

"రాయలేదమ్మా."

"రాయరు" అంది తృప్తిగా. ఎవరి పేరూ లేదు గనుక ఆ చోటు ఇంకా ఖాళీగా ఉన్నట్టే ఆమెకు తోచింది.

సెంటరింగ్ విప్పే రోజున ధనపాల్‌కు ఒక ఆచారం ఉంది. మొదటి కొయ్య తీసేటప్పుడు మిద్దె కింద తానొక్కడే నిలబడతాడు. పడితే తన మీదే పడాలి. మద్రాసులో ఆడి చూపించాలి గనుక మూడు వారాలు నిండకముందే కట్టు విప్పాలనుకున్నారు. ఆ పొద్దున అతను తలస్నానం చేసి, కర్పూరం వెలిగించి, కూతురి కాలి కింద రెండు అరచేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. మునియమ్మ ముళ్లు విప్పింది. బద్దలు ఒక్కొక్కటే పక్కకు పడ్డాయి. లోపలి కాలు చెరుకుగడలా సన్నబడి ఉంది. ధనపాల్ మోకాలి మీద వేలితో తట్టి చూశాడు.

"రొంబ గట్టిగా ఉండాది" అన్నాడు. అతని గొంతులో సంతోషం ఉంది.

"వంచమ్మా" అన్నాను నేను.

సెల్లమ్మ వంచబోయింది. కొద్దిగా కదిలి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. పెదవి కొరుక్కుని రెండు చేతులతో తొడను పట్టుకుని లాగింది. మిద్దె వంగకూడదు. మోకాలు వంగాలి. ఈ తేడా ధనపాల్‌కు అప్పుడు తట్టింది. చేతులు అక్కడి నుంచి తియ్యకుండా అలాగే కూర్చుండిపోయాడు.

గడువుకు ఇంకా కొన్ని రోజులు మిగిలాయి. వేడి నీళ్లు పోసుకుని, ఇటుక కట్టిన తాడు కాలికి తగిలించుకుని, ఏడుపు దిగమింగి ఆమె మోకాలిని సగం దాకా వంగేట్టు చేసుకుంది. ముగ్గురం మద్రాసు పోయాము. కంపెనీ మైదానంలో ఆమెకు కాసేపు ఆడే అవకాశం ఇచ్చారు. ధనపాల్ గీత బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. కూతురు బూట్లతో ఆడడం అతను చూడడం అదే మొదటిసారి.

మొదటి బంతి వచ్చింది. ఆమె ఎడమ పక్కకు చూసింది. ఇద్దరు పిల్లలు అటు తిరిగారు. బంతి కుడి పక్క ఖాళీలోకి పోయింది, శాంతిప్రియ పరుగెత్తి వచ్చి అందుకుంది. బోల్టులతో బల్ల మీద చూపించినట్టే.

"అదే గదా అయ్యా?" అని ధనపాల్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇచ్చేది అంటే అదే గదా?"

"ఆమా, అదే."

రెండో బంతికి ఆమె తిరిగింది. ఎవరూ తగల్లేదు, దగ్గరలో ఎవరూ లేరు కూడా. మోకాలు పక్కకు జారింది. ఆమె కూర్చుండిపోయింది. ధనపాల్ గీత దాటి పరుగెత్తుకు పోయి, నేల మీద మోకరిల్లి, ఆమె మోకాలి కింద రెండు అరచేతులూ పెట్టాడు. ఈల ఊదినా లేవలేదు. ఇద్దరు వచ్చి పట్టి లేపవలసి వచ్చింది.

కంపెనీ మేనేజరు దయగానే మాట్లాడాడు. బూట్లు ఉంచుకోమన్నాడు. తర్వాత పెద్ద ఆసుపత్రికి పోతే అక్కడి డాక్టర్లు, తెగిన నార సంగతి ఒకటి, కదలకుండా బిగించడం వల్ల బిగుసుకున్న కీలు సంగతి ఇంకొకటి అని రెండూ చెప్పారు. నడవవచ్చు, పని చేసుకోవచ్చు, ఆట మాత్రం మరిచిపోవాలని అన్నారు. అప్పుడు ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

సెల్లమ్మ మళ్లీ తండ్రితో పనికి పోసాగింది. పాఠశాలలో చిన్నపిల్లలకు ఆట నేర్పమని అప్పాసామి రెండుసార్లు ఇంటికి వచ్చి అడిగాడు. "చూస్తాను సార్" అంది, పోలేదు. మిద్దె రోజున వరుస నడుమ నిలబడడం ఇప్పుడు ఆమెకు కుదరదు. వంగి లేవలేదు. కింద కలిపే చోట పారతో బాండ్లీలు నింపుతుంది. నడుమ చోటుకు ధనపాల్ ఎవరినీ పేరు పెట్టి పిలవడు. ఎవరో ఒకరు వచ్చి నిలబడేదాకా తల పక్కకు తిప్పుకుని ఉంటాడు. సెంటరింగ్ విప్పే పని చిన్నప్పన్ అనే పనివాడికి అప్పగించాడు. ఆ రోజున తాను పనిచోటుకే రాడు.

మూడేళ్లు గడిచాక, మోర్ధానా ఆనకట్ట ముగిసే నాటి మాట. సెల్లమ్మ మేకుల కోసం కొట్టుకు వచ్చింది. బెంచీ మీద పరదరామి నుంచి వచ్చిన కొత్త బేరగాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. ఆమె నడక చూసి, ఆమె ఎవరని నన్ను అడిగాడు.

"ఎవురా? మద్రాసులో ఆడిన బిడ్డప్పా" అని మొదలుపెట్టాను. మైదానం నడుమ, బంతి, కీపరు, వల, కత్తెర. చెబుతూనే ఆమె వైపు చూశాను. ఇంకా గోలు దగ్గరికి రాకముందే ఆమె అడ్డుపడాలి. ఇన్నేళ్లలో అడ్డుపడకుండా ఎప్పుడూ లేదు. డబ్బాలోంచి నాలుగు బోల్టులు, ఒక నట్టు తీసి ఆమె ముందుకు జరిపాను.

ఆమె మేకులు ఏరుకుంటూనే ఉంది.

"అబ్బో" అన్నాడు బేరగాడు. "అట్లాంటి గోలు నువ్వే ఏసినావామ్మా?"

సెల్లమ్మ మేకుల పొట్లం కట్టుకుంది. బల్ల మీది బోల్టులు తీసి, ఒక్కొక్కటిగా డబ్బాలో వేసింది. నట్టు కూడా వేసింది.

"ఆమా, నేనే" అంది. "తాత చెప్పినాడు గదా."

మెట్ల మీద కుడి కాలు ముందు దించి, ఎడమ కాలు దాని పక్కకు చేర్చి, మళ్లీ కుడి కాలు దించుతూ బజారులోకి పోయింది.

"తరవాత ఆ కీపరు ఏమైనాడయ్యా?" అన్నాడు బేరగాడు.

అతనికి ఎన్ని కిలోల మేకులు కావాలో అడిగాను.